నాన్న ఆపరేషన్‌కి సాయం చేసిన అందరికీ, ఇంకా గ్రెనోబుల్ డాక్టరు గారికి

నాన్నకి పార్కిన్సన్స్ జబ్బుకి చేసే డీబీఎస్ ఆపరేషన్ (తలలోకి తీగ వేసి, ఛాతీలో పెట్టిన బ్యాటరీ మిషన్‌తో మెదడుకి కరెంటు ఇచ్చేది) అయిపోయింది, తెనాలి వచ్చేశాం, మిషన్ ఆన్ చేశారు, బాగున్నారు. ముందు ఈ ముక్క చెప్పేస్తే ఫోన్లు కాస్త తగ్గుతాయని మా అమ్మ ఆశ. విడివిడిగా మెసేజ్‌లు పెడదామని మొదలుపెట్టాను కానీ, మీరు ఎంతమంది ఉన్నారంటే అది అయ్యే పని కాదని అర్థమై ఇక్కడ రాస్తున్నా.

ముందుగా మా ఇంజనీరింగ్ బ్యాచ్‌కి. మిషన్ ఖరీదు విని నేనూ తమ్ముడూ ఇంటి కాగితాలు బయటికి తీసేసరికి, మీరే గ్రూపు పెట్టి, మీరే డబ్బు పోగుచేసి, ఎవరు ఎంత ఇచ్చారో నాకు కూడా చెప్పలేదు. నాన్న కొట్టు పక్కన ఉన్న వ్యాపారులు బాకీలు వసూలు చేసి మరీ తెచ్చి ఇచ్చారు, అందులో కొన్ని మేము ఎప్పుడో వదిలేసుకున్నవి. వార్డులో రాత్రి డ్యూటీ సిస్టర్ గారికి కూడా, ఆవిడ పేరు రాయొద్దన్నారు, రాయడం లేదు. అందరికంటే ముఖ్యంగా విజయవాడ బాబాయి గారికి. మాకు ఏ బంధుత్వమూ లేదు. ఆయనకి అప్పటికే ఈ ఆపరేషన్ అయిందని ఎవరో చెబితే ఫోన్ చేశాం, మరుసటి ఆదివారమే బస్సెక్కి వచ్చేశారు. నాన్న ఎదురుగా కూర్చుని, చొక్కా పై గుండీలు రెండూ విప్పి, మెడ ఎముక కింద ఉబ్బుగా కనిపించే చోట నాన్న వేలు పెట్టించి, "ఇదేనండీ బ్యాటరీ, తీగ మెడ లోపల్నుంచి ఇలా తలలోకి వెళ్తుంది, నిద్రలో కూడా ఏమీ తెలియదు" అన్నారు. డాక్టర్లు ఎంత చెప్పినా ఊ అనని మనిషి ఆ సాయంత్రమే సరే అన్నారు.

నాన్న జబ్బు సంగతి తెలియనివాళ్ల కోసం క్లుప్తంగా. పార్కిన్సన్స్, అంటే వణుకు, బిగుసుకుపోవడం, కదలికలు నెమ్మదించడం తెచ్చే మెదడు జబ్బు. మొదట భుజం పట్టేసిందనుకుని ఒక చోట చాలాకాలం ఫిజియోథెరపీ చేశారు. అసలు జాడ ఖాతా పుస్తకంలో ఉంది. నాన్న రాత సన్నబడుతూ వచ్చింది, పేరు మామూలుగా మొదలై లైను చివరికొచ్చేసరికి చీమలు పాకినట్టు అయిపోయేది. తర్వాత సిండోపా అనే మాత్ర వేశారు, కొన్నేళ్లు హాయిగా నడిచింది. ఆ తర్వాత మాత్ర పని చేసే సమయం తగ్గుతూ వచ్చి, వేసుకున్న గంటన్నరకి ఒళ్లంతా అనవసరంగా కదలడం, ఇంకో గంటకి బిగుసుకుపోయి కుర్చీలోంచి లేవలేకపోవడం. అదీ పరిస్థితి.

డిశ్చార్జి రోజు నాన్న డాక్టరు గారిని, "దీన్ని మొదట ఎవరు కనిపెట్టారండీ?" అని అడిగారు. ఆయన నవ్వి, ఫ్రాన్స్‌లో బెనాబిడ్ అని ఒక న్యూరోసర్జన్, చదువుకోండి అన్నారు. చదివాను. ఆయనకి తెలుగు రాదని తెలుసు, అయినా ఈ థాంక్స్ లిస్టులో ఆయన పేరు లేకపోతే నాకు తృప్తి ఉండదు.

ఆలిమ్ లూయీ బెనాబిడ్ 1942లో ఆల్ప్స్ కొండల మధ్య ఉన్న గ్రెనోబుల్‌లో పుట్టారు. తండ్రి అల్జీరియా నుంచి వచ్చిన డాక్టరు. ఫిజిక్సా మెడిసినా అని తేల్చుకోలేక రెండూ చదివారు, న్యూరోసర్జన్ అయ్యాక కూడా వదలకుండా 1978లో ఫిజిక్స్‌లో పీహెచ్‌డీ తీసుకున్నారు. మన ఇళ్లలో అయితే సర్జన్ అయ్యాక ఇంకా చదువేమిటి, నర్సింగ్ హోమ్ పెట్టుకోరా అంటారు.

ఆయన ఆపరేషన్లు చేసే నాటికి పార్కిన్సన్స్‌కి సర్జరీ అనేది దాదాపు మూలపడిన విద్య. 1960ల చివర్లో ఎల్-డోపా వచ్చింది (నాన్న వేసుకునే మాత్రలో ఉండేది అదే), ఇక కత్తితో పనేముంది అనుకున్నారు. మాత్రలకి లొంగని వణుకు ఉన్నవాళ్లు మాత్రం మిగిలారు. వాళ్లకి చేసేది ఏమిటంటే, మెదడు లోపల థాలమస్‌లో ఒక చిన్న చోటుని వేడితో కాల్చేయడం. కాలిస్తే వణుకు తగ్గుతుంది. కానీ చోటు కాస్త అటూ ఇటూ అయితే మాటకో చేతికో ముప్పు, కాల్చింది తిరిగి రాదు. అందుకని కాల్చే ముందు రోగిని మెలకువగా ఉంచి, సన్నటి తీగతో కరెంటు ఇచ్చి సరైన చోటేనా అని చూసుకునేవాళ్లు.

ఇది అప్పటికి చాలామంది సర్జన్లు చేస్తున్న పరీక్షే. 1987లో బెనాబిడ్ గారు ఆ పరీక్షలో కరెంటు సెకనుకి ఎన్నిసార్లు కొట్టాలన్నది మార్చుకుంటూ పోయారు. తక్కువలో వణుకు అలాగే ఉంది, ఒక్కోసారి పెరిగింది కూడా. సెకనుకి వంద దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయింది. కరెంటు తీసేస్తే మళ్లీ మొదలు, ఇస్తే మళ్లీ ఆగింది. అదృష్టం కలిసొచ్చింది అని కొందరు రాశారు, నాకు ఆ మాట నచ్చలేదు. చోటు తేలిపోయాక కాల్చేసి బయటికొచ్చేస్తే అడిగేవాళ్లు లేరు, ఫిజిక్స్ చదివిన బుర్ర కాబట్టే మీటరు తిప్పి చూడాలనిపించింది అని నా నమ్మకం.

ఆపరేషన్ బల్ల మీద వణుకు ఆగితే సరిపోదు కదా, ఇంటికెళ్లాక? రెండో వైపు కూడా కాలిస్తే మాట దెబ్బతినే ప్రమాదం చాలా ఎక్కువ, అందుకే రెండు చేతులూ వణికేవాళ్లకి అప్పట్లో సగం వైద్యమే. దీర్ఘకాలపు నొప్పుల కోసం ఒంట్లో పెట్టే కరెంటు మిషన్లు అప్పటికే ఉన్నాయి. ఆయన ఒక వైపు కాల్చి, రెండో వైపు తీగ వదిలేసి దానికి ఆ మిషన్ తగిలించారు. న్యూరాలజిస్ట్ పియెర్ పొలాక్ మొదట్నుంచీ తోడున్నారు. 1991లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఫలితాలు వచ్చాయి.

అయితే అది వణుకుకే. నాన్నలా బిగుసుకుపోయేవాళ్లకి దానితో పెద్దగా ఉపయోగం లేదు. ఇక్కడ ఇంకొకాయనకి కూడా దణ్ణం పెట్టాలి, అమెరికాలో మహ్లన్ డిలాంగ్. ఆయన బృందం కోతులకి మందుతో పార్కిన్సన్స్ లక్షణాలు తెప్పించి, సబ్‌థాలమిక్ న్యూక్లియస్ అనే కొద్ది మిల్లీమీటర్ల ముద్దని పాడుచేస్తే ఆ లక్షణాలు తగ్గాయని 1990లో చూపించింది. మనుషుల్లో ఆ చోటంటే సర్జన్లకి భయం, అక్కడ చిన్న రక్తస్రావం జరిగినా చెయ్యీ కాలూ వాటంతటవే విసిరికొట్టుకుంటాయి. కాల్చేవాళ్లకి ఆ భయం ఉంటుంది, స్విచ్ ఉన్నవాళ్లకి తేడా వస్తే ఆపేసుకునే వీలుంది. 1993లో గ్రెనోబుల్‌లో అక్కడ తీగ పెట్టారు. బిగుసుకుపోవడం, నెమ్మదితనం, వణుకు మూడూ తగ్గాయి, మాత్రలూ తగ్గించగలిగారు. నాన్న తలలో రెండు వైపులా తీగలున్నది సరిగ్గా ఆ చోటే.

తర్వాత అమెరికాలో 2002లో పార్కిన్సన్స్‌కి అనుమతి వచ్చింది, లక్షమందికి పైగా ఈ మిషన్లు పెట్టారు, 2014లో బెనాబిడ్, డిలాంగ్ ఇద్దరికీ కలిపి వైద్య పరిశోధనకి ఇచ్చే లాస్కర్ అవార్డు ఇచ్చారు. బెనాబిడ్ గారు రిటైరయ్యాక కూడా గ్రెనోబుల్‌లోనే క్లినాటెక్ అనే పరిశోధన కేంద్రం మొదలుపెట్టి, మెడ కింద చచ్చుబడిన ఒక యువకుడు మెదడు సంకేతాలతో యంత్రపు కవచాన్ని కదిలించేలా చేశారు. అది 2019లో, అంటే డెబ్బై ఏడేళ్ల వయసులో.

మా ఆపరేషన్‌లో ఒక్క విషయం చెప్పి ఆపుతా. ముందు రోజు రాత్రే సిండోపా ఆపేశారు, తలకి ఫ్రేము బిగించారు, తీగ పెట్టేటప్పుడు నాన్న మెలకువగానే ఉన్నారు. ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండండి అంటే, మా నాన్న కొట్లో సరుకుల రేట్లు అప్పజెప్పారట. కరెంటు పెంచుతూ పోతుంటే మినప్పప్పు దగ్గర నాలుక మొద్దుబారి మాట ముద్దగా వచ్చింది, వెంటనే తగ్గించారట. ఆ మీటరు ఇప్పటికీ అలా తిప్పి చూసే పెడుతున్నారన్నమాట. ఇది నాకు లోపలున్న జూనియర్ డాక్టర్ చెప్పింది. నాన్న మాత్రం రేటు తప్పు చెప్పానేమో అందుకే ఆపారనుకున్నారు.

ఇది చూసి వెంటనే ఆపరేషన్‌కి బయల్దేరకండి. జబ్బు పోదు, పెరగడమూ ఆగదు, మాత్రలు తగ్గుతాయి కానీ పూర్తిగా మానరు. మాత్రకి బాగా స్పందించేవాళ్లకే ఫలితం బాగుంటుంది, మతిమరుపు ముదిరినవాళ్లకి వద్దంటారు. నడకలో తూలడం, మాట నెమ్మదించడం దీనితో పెద్దగా మారవు. నాన్న గొంతు ఇంకా సన్నగానే ఉంది, మాలో ఎవరమూ అద్భుతం అనడం లేదు. కానీ మొన్న సరుకుల చీటీ ఆయనే రాశారు, కుర్రాడు ఇంకోసారి అడగకుండా చదివి కట్టేశాడు.

బ్యాచ్ వాళ్లకి ఒక మాట. బిల్లులన్నీ గ్రూపులో పెట్టాను, చూసుకోండి. కొంత మిగిలింది. విజయవాడ బాబాయి గారి బ్యాటరీ అయిపోవస్తోంది, మార్చాలంటే మళ్లీ ఖర్చు, ఆయన నోరు తెరిచి అడగరు. మీకు అభ్యంతరం లేకపోతే ఆ డబ్బు అటు పంపిస్తా, శుక్రవారం లోపు చెప్పండి.