మాస్టు చప్పుడుకి మందు

కళింగపట్నం,
ఆదివారం రాత్రి

ఒరే బావా,

నిన్న ఫోన్లో నీ గొంతు విన్నప్పటి నుంచి మనసు మనసులో లేదు. కొచ్చి మెరీనాలో, అదే షికారు పడవలు కట్టే రేవులో, తెరచాప పడవ చూసుకునే పని దొరికిందని అందరం సంబరపడ్డాం. తీరా చూస్తే మాస్టు, అదే తెరచాప కొయ్య, చేసే టకటకలకీ గాలి కూతకీ నాలుగు రాత్రులుగా కంటి మీద కునుకు లేదంటున్నావు, ఏటిరా ఇది! ఆ టకటకలు నాకు తెలుసు. దుబాయ్‌లో పడవల మీద పనిచేసిన ఆరేళ్లూ వాటి మధ్యే పడుకున్నాను. ఫోన్లో చెప్తే సగం మర్చిపోతావని రాస్తున్నాను, దాచుకో.

మన తెప్పలకి ఈ బాధ లేదు. వెదురు కొయ్య, పనయ్యాక దించి ఇసకలో పడేస్తాం. నీ పడవ మాస్టు ఎప్పుడూ నిలబడే ఉంటుంది, పైగా అల్యూమినియం గొట్టం. గాలి వేసినప్పుడు లేచి దాని మీద అరచెయ్యి పెట్టి చూడు. ఒక్కో దెబ్బా చేతికి తగులుతుంటే తెరచాప ఎత్తే తాడు, అదే హాలియార్డు, కొడుతున్నట్టే. దెబ్బ చిన్నదే, కానీ గొట్టం గంటలా మోగుతుంది, కింద పడవ కడుపు ఆ మోతని పెంచుతుంది. బొబ్బిలి వీణకి తీగ పైనున్నా నాదం పనస కుండలోంచి రాదూ? నువ్వు పడుకునేది సరిగ్గా ఆ కుండలోనే.

తాడు బిగిస్తే పోతుందంటారు. పోదు. బిగిసిన తాడు ఇంకా వడిగా కొడుతుంది. మాస్టుకి దూరం లాగాలి. పెద్ద తెరచాప తాడు కొసని బూమ్, అదే తెరచాప అడుగున ఉండే అడ్డకొయ్య, చివర తగిలించు. మిగతావాటిని చెయ్యి అందినంత ఎత్తులో, సాగే తాడుతో, మాస్టుని పక్క నుంచి పట్టి నిలబెట్టే తీగకి కట్టు. మధ్యలో జానెడు ఖాళీ కనబడాలి. తెరచాప ఎత్తే ముందు విప్పడం మరిచిపోకు.

అన్నీ కట్టినా, గాలి లేకపోయినా, అలకి పడవ ఊగినప్పుడల్లా లోపల గలగలమంటే అవి పైదీపానికీ యాంటెన్నాకీ వెళ్లే వైర్లు. ఒక పడవలో ఇది తెలుసుకోలేక రెండు రాత్రులు బయటి తాళ్లే విప్పి కట్టాను. దానికి మాస్టు దించాల్సిందే. వైర్ల కట్టకి గజానికొకచోట మూడేసి కేబుల్ టైలు, అదే బిగించే ప్లాస్టిక్ పట్టీలు, వెయ్యి, తోకలు కత్తిరించకు. మూడూ మూడు వైపులకి నిలబడి వైర్లని గోడకి తగలనివ్వవు.

ఇక ఆ తీగల కూత. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చిన రాత్రి కరెంటు తీగలు ఏడ్చినట్టు ఏడ్చాయి, గుర్తుందా? అదే ఇది. గాలి తీగని దాటుతూ ఒకసారి ఇటు, ఒకసారి అటు సుడి విడుస్తుంది. 6 మిల్లీమీటర్ల తీగకి సెకనుకి 10 మీటర్ల గాలి తగిలితే ఆ అటూఇటూ సెకనుకి 330 సార్ల దాకా జరుగుతుంది. అందుకే అంత సన్నని కూత. తీగ చుట్టూ సన్నతాడు మెలికలుగా చుడితే సుడులు వరస తప్పి కూత తగ్గుతుంది. మాస్టే వణుకుతుంటే ఖాళీ హాలియార్డుని దాని చుట్టూ అలాగే తిప్పుతూ పైకి లాగు. కొసకి దించే తాడు కట్టకుండా మాత్రం లాగకు, మళ్లీ పైకెక్కాల్సొస్తుంది.

పిల్లనగ్రోవిలా పలికితే ఏదో బోల్టు కన్నం తెరిచి ఉంది, టేపు వెయ్యి. మాస్టు మొదట్లో నీళ్లు పోయే కన్నం మాత్రం ముయ్యొద్దు.

యజమాని అడగకపోయినా ఇవన్నీ చెయ్యరా. ఆ కొట్టుడుకి తాడు అరిగిపోతుంది, మాస్టు పైపూత లేచిపోతుంది, పక్క పడవల్లో పసిపిల్లలు ఉలిక్కిపడి లేస్తారు.

ఇంకా ఏ చప్పుడు మిగిలినా రికార్డు చేసి పంపు, విని చెప్తాను. మీ అమ్మ అడిగితే నువ్వు హాయిగా నిద్రపోతున్నావని చెప్పాను. ఈ వారంలో ఆ మాట నిజం చెయ్యి.

నీ బావ