పెద్దాళ్లకి పింఛనొక్కటే చాలదండి

ఎడిటర్ గారికి నమస్కారం. పెద్దవాళ్ల గురించి ఎప్పుడు చూసినా పింఛను, బీపీ, షుగరు, పిల్లలు చూడట్లేదు, ఇవే వస్తున్నాయి. తల్లిదండ్రుల, పెద్దవాళ్ల పోషణ కోసం వచ్చిన 2007 చట్టం కూడా తిండి, బట్ట, నీడ, వైద్యం గురించే చెప్తుంది, అవి కావాల్సిందే, కానీ రిటైరయ్యాక మనిషిని లోపల్నించి కుంగదీసేది ఇంక నాతో ఎవరికీ పనిలేదు అన్న ఆలోచనండి.

జింబాబ్వేలో డాక్టర్ డిక్సన్ చిబాండా 2006లో హరారేలో 14 మంది బామ్మలకి ట్రైనింగ్ ఇచ్చి ఒక పని మొదలుపెట్టారు. క్లినిక్ ఆవరణలో బెంచీ మీద కూర్చుని దిగులుతో వచ్చినవాళ్ల మాట వినడం, సమస్యకి దారి వాళ్లచేతే వెతికించడం. అమెరికాలో బాల్టిమోర్‌లో ఐతే 60 దాటినవాళ్లు వారానికి 15 గంటలు బడికెళ్లి చిన్నపిల్లల చేత చదివించేవాళ్లు. రెండుచోట్లా లాభం ఇచ్చినవాళ్లకీ, పుచ్చుకున్నవాళ్లకీ కూడా.

మన దగ్గర బామ్మలకీ తాతయ్యలకీ కొరతా చెప్పండి! అంధ విద్యార్థులకి పాఠాలు చదివి వినిపించొచ్చు, బ్యాంకులో ఫారం నింపలేనివాళ్లకి నింపిపెట్టొచ్చు. ఐతే ఒకటి, ఇష్టం ఉన్నా లేకపోయినా రోజంతా మనవళ్లని కాయించడం ఈ లెక్కలోకి రాదు, అది చాకిరీ, మోకాళ్లు అరిగిపోతాయి.

సర్కారు బళ్లల్లో మూడో తరగతి పిల్లల చేత రోజూ ఒక గంట చదివించడానికి మాలాంటోళ్లకి పర్మిషన్ ఇప్పించండి, జీతం అక్కర్లేదు, కుర్చీ వేస్తే చాలు.

- ఒక రిటైర్డ్ టీచరు, తెనాలి