అకౌంట్ లేదంటారు, డబ్బులు మాత్రం తీసుకుంటారు

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

నమస్కారం. ఈ ఉత్తరం కనీసం ఒక మనిషి చదువుతారన్న ఆశతో రాస్తున్నాను. చదివేది బాట్ అయితే ఇక్కడితో ఆపి, పక్కన ఎవరైనా ఉంటే పిలవమని మనవి.

నాకు మీ స్పానిష్ నేర్పే యాప్ మీద కోపం లేదు. పాఠాలు బాగానే ఉండేవి. మూడేళ్లు వాడాను. జ్వరం వచ్చిన రోజు కూడా దుప్పటి కప్పుకుని పడుకునే ఆ పూట పాఠం పూర్తి చేశాను, స్ట్రీక్, అంటే ఒక్క రోజూ తప్పకుండా పాఠం చేసిన రోజుల లెక్క, పోతుందని. నా మాట మీద ఇంకో నలుగురు చేరారు. ఇప్పుడు నాకు స్పానిష్ అవసరం తీరిపోయింది, మానేద్దామనుకున్నాను, అంతే. మీ దగ్గర చేరడం కన్నా మానేయడం పెద్ద కోర్సు అని అప్పటికి తెలియదు.

మొదటి తప్పు నాదే, ఒప్పుకుంటాను. యాప్ అన్‌ఇన్‌స్టాల్ చేసేసి పని అయిపోయిందనుకున్నాను. ఫోన్‌లోంచి యాప్ తీసేసినంత మాత్రాన సబ్‌స్క్రిప్షన్ ఆగదని, మరుసటి నెల డబ్బులు కట్ అయిన మెసేజ్ వచ్చాక గానీ తెలిసిరాలేదు. ఆ నెల డబ్బులు నేను అడగడం లేదు. నా తెలివితక్కువకు కట్టిన ఫీజు అనుకున్నాను.

వెంటనే ప్లే స్టోర్‌లో సబ్‌స్క్రిప్షన్ల పేజీ తెరిచాను. అక్కడ అన్నీ ఉన్నాయి, మీది తప్ప. ఎందుకంటే ఏడాది కిందట డిస్కౌంట్ ఇస్తామంటే మీ వెబ్‌సైట్లోనే కార్డు నంబరు కొట్టి ప్లాన్ తీసుకున్నాను. స్టోర్ ద్వారా కట్టినవే స్టోర్‌లో కనిపిస్తాయి. నేరుగా కంపెనీకి కట్టేవి కంపెనీయే ఆపాలి. ఈ ముక్క నేనే వెతికి తెలుసుకుని మీ వాళ్లకు చెప్పాను. చెప్పాక కూడా మూడుసార్లు నన్ను స్టోర్‌కే పంపించారు.

సరే, వెబ్‌సైట్లోకి వెళ్లాను. "యాప్‌లో చూసుకోండి" అంది. వదిలించుకోవడం కోసం మళ్లీ ఎక్కించుకున్నాను. తెరవగానే "తిరిగి వచ్చినందుకు స్వాగతం!" అని రంగు కాగితాలు రాలాయి. సెట్టింగ్స్‌లో ఎక్కడో అడుగున ఉన్న రద్దు మాట పట్టుకుని నొక్కితే, నిజంగా వెళ్లిపోతున్నారా అని ఒక పేజీ, సగం ధరకే ఇస్తాం అని ఒకటి, పోనీ మూడు నెలలు ఆపి చూడండి అని ఇంకొకటి. ప్రతి పేజీలో "ఉండిపోతాను" అన్న బటన్ అరచెయ్యంత, ఆకుపచ్చగా. "వద్దు" అన్నది చీమ తలకాయంత, బూడిద రంగులో. కళ్లజోడు పెట్టుకుని ఒక్కొక్కటీ దాటుకుంటూ చివరికి చేరితే అక్కడ రాసి ఉంది: రద్దు కోసం సపోర్ట్‌ను సంప్రదించండి.

సంప్రదించాను సార్. ఇక అక్కడి నుంచి అసలు కథ.

మీ చాట్‌బాట్ ఐదు ఆప్షన్లు చూపించింది. ప్లాన్ మార్చుకోవడం ఉంది, స్నేహితుడికి బహుమతిగా ఇవ్వడం కూడా ఉంది. రద్దు లేదు. "క్యాన్సిల్" అని టైప్ చేస్తే, సబ్‌స్క్రిప్షన్ ఎలా తీసుకోవాలో చెప్పే లింక్ పంపింది. "మనిషి కావాలి" అని నాలుగుసార్లు కొట్టాక మొదటి మనిషి దొరికాడు. నా బాధ అర్థమైందన్నాడు. ఆర్డర్ నంబరు అడిగాడు. ఇచ్చాను. ఇది జీపీఏతో మొదలవ్వాలి కదా అన్నాడు. బాబూ, జీపీఏతో మొదలయ్యేవి ప్లే స్టోర్‌లో కొన్నవాటి నంబర్లు, నేను కొన్నది మీ వెబ్‌సైట్లో అని చెప్పాను. నా బాధ అర్థమైందన్నాడు. జీపీఏతో మొదలయ్యే నంబరు పంపమన్నాడు.

రెండో ఆవిడ మొదటి నుంచి చెప్పమంది. చెప్పాను. రామాయణమంతా విని రాముడికి సీత ఏమవుతుందని అడిగినట్టు, "అయితే మీకు యాప్ ఓపెన్ అవ్వడం లేదా అండీ?" అంది. ఒకసారి తీసేసి మళ్లీ వేసుకోమని సలహా కూడా ఇచ్చింది.

ఫోన్ చేస్తే 37 నిమిషాలు పాట వినిపించారు. నా కాల్ మీకు ఎంతో ముఖ్యమట. 38వ నిమిషంలో ఆ ముఖ్యమైన కాల్ కట్ అయింది. ఈమెయిల్ పెడితే టికెట్ నంబరు వచ్చింది. రెండు రోజుల తర్వాత, నా నుంచి జవాబు రానందున టికెట్ మూసేశామని ఇంకో మెయిల్. నేను జవాబివ్వాల్సిన ప్రశ్న అందులో ఏదీ లేదు. అయినా జవాబిచ్చాను. ఆ అడ్రస్‌కు మెయిళ్లు చేరవని తిరిగొచ్చింది. ఈలోగా రెండో నెల డబ్బులు కట్ అయ్యాయి.

మూడో ఆయనను మాత్రం నేను జన్మలో మరిచిపోను. ఎంతో మర్యాదగా, "అకౌంటే డిలీట్ చేసేయండి సార్, అన్నీ పోతాయి" అన్నాడు. ఇన్నాళ్లకు ఒక పని తెలిసినవాడు దొరికాడని మురిసిపోయి, ఆయన లైన్లో ఉండగానే డిలీట్ కొట్టాను. పోయినవి నా పాఠాలు, నా స్ట్రీక్. మూడో నెల కూడా డబ్బులు కట్ అయ్యాయి. మళ్లీ చాట్‌లోకి వెళ్తే నాలుగో అతను వెతికి వెతికి, "ఈ మెయిల్ ఐడీ మీద మా దగ్గర అకౌంటే లేదండి, లేని సబ్‌స్క్రిప్షన్ ఎలా రద్దు చేస్తాం?" అన్నాడు. మరి డబ్బులు ఎవరి పేరు మీద తీసుకుంటున్నారు నాయనా అంటే, అది బిల్లింగ్ విభాగం చూసుకుంటుందన్నాడు. ఆ విభాగంతో మాట్లాడాలంటే అకౌంట్‌లోకి లాగిన్ అవ్వాలట!

మీకు నేను లేను. నా కార్డు మాత్రం ఉంది.

విసుగొచ్చి స్టోర్‌లో ఒక్క స్టార్ ఇచ్చి నాలుగు ముక్కలు రాశాను. పది నిమిషాల్లో మీ జవాబు ప్రత్యక్షం! "మీ అనుభవానికి చింతిస్తున్నాం, మాకు మెయిల్ చేయండి" అని. మూడు నెలలు గోడతో మాట్లాడినా పలకనివారు, నలుగురు చూసేచోట ఎంత చురుగ్గా ఉన్నారండీ. ఆ అడ్రస్‌కే మెయిల్ చేశాను. కొత్త టికెట్ నంబరు వచ్చింది. ఐదోది.

మొత్తం మీద చిన్న మొత్తమే, దానికి ఇంత రాద్ధాంతమా అని మీకు అనిపించొచ్చు. రద్దు అడిగాక తీసుకున్న రెండు నెలల డబ్బులు వెనక్కి వేయాలి, కార్డు వివరాలు తీసేయాలి, సరే. కానీ వాటికన్నా ముందు, మీలో ఒక్కరు తమ పేరుతో, కాపీ కొట్టి అతికించని రెండు వాక్యాలు నాకు రాయాలి. వారం రోజులు చూస్తాను. తర్వాత కట్ అయిన డబ్బులు వెనక్కి ఇప్పించమని బ్యాంకులో ఛార్జ్‌బ్యాక్ పెడతాను, వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను, మీ నలుగురు ఏజెంట్ల మాటలు స్క్రీన్‌షాట్లతో సహా దొరికిన ప్రతిచోటా పెడతాను. నా మాట మీద చేరిన ఆ నలుగురికీ ఎలా బయటపడాలో నేనే కూర్చోబెట్టి నేర్పుతాను. స్టోర్‌లో కొన్నవాళ్లు స్టోర్‌లోనే, వెబ్‌సైట్లో కొన్నవాళ్లు వెబ్‌సైట్లోనే, అకౌంట్ డిలీట్ చేయకముందే రద్దు చేసుకుని, రద్దయినట్టు మెయిల్ వచ్చేదాకా ఆగమని. ఈ పాఠం మీ యాప్‌లో లేదు.

హోటల్ పాఠంలో మీరే నేర్పారు, "లా క్వెంతా, పోర్ ఫవోర్" అని. బిల్లు ఇచ్చేయండి, నేను వెళ్తాను అనడానికి. తెలుగులో చెప్తే అర్థం కాలేదు కాబట్టి, ఇలాగైనా అర్థమవుతుందేమో చూడండి.

ఇట్లు,
మీ మాజీ చందాదారు
(మీ బిల్లింగ్ విభాగం లెక్కలో ఇంకా చందాదారే)

తా.క.: ఈ ఉత్తరం పూర్తి చేస్తుండగా మీ నుంచి ఒక మెయిల్ వచ్చింది. మా సపోర్ట్ ఎలా ఉందో ఐదుకు ఎన్ని మార్కులు వేస్తారని. వేద్దామని నొక్కాను. లాగిన్ అవ్వమంది.