ట్రాక్టర్‌కు సర్వీసింగ్ సరే, ట్రాలీ సంగతి ఏమిటి?

సంపాదకులకు నమస్కారం.

వానాకాలం వరి కోతలు దగ్గర పడ్డాయి. మరికొద్ది రోజుల్లో సాగర్ ఎడమ కాల్వ కింది ఊళ్ల నుంచి ధాన్యం ట్రాలీలు మిర్యాలగూడ మిల్లుల దారి పడతాయి. ఆ వరసలో మా ట్రాలీ కూడా ఉంటుంది కాబట్టి, సాటి యజమానులకూ, అధికారులకూ మీ పత్రిక ద్వారా కొన్ని విషయాలు విన్నవించుకుంటున్నాను.

ట్రాక్టర్‌ను చూసుకోవడంలో మన రైతులు ఎవరికీ తీసిపోరు. మీటరులో గంటలు చూసి ఇంజిన్ ఆయిల్ మారుస్తారు, ఎయిర్ ఫిల్టర్ శుభ్రం చేస్తారు. ట్రాలీ దగ్గరికి వచ్చేసరికి మాత్రం, దానికి ఇంజిన్ లేదు కనుక చెడిపోయేదేమీ లేదన్న ధీమా. యాసంగి వడ్లు తోలాక చెట్టు కింద వదిలేసిన బండి వానాకాలమంతా నాని ఉంటుంది. కోతల నాడు టైర్లలో గాలి కొట్టి, దానిమీదే టన్నుల కొద్దీ ధాన్యం నింపుతున్నాం.

అన్నిటికంటే ముందు చూడవలసినవి చక్రాల బేరింగులు. చక్రాన్ని జాకీ మీద లేపి, పైన ఒక చెయ్యి, కింద ఒక చెయ్యి వేసి ఊపినప్పుడు ఆడుతోందంటే బేరింగు వదులైందన్న మాట. తిప్పినప్పుడు గరగరమంటే గ్రీజు ఎండిపోయిందనో, బేరింగు అరిగిందనో అనుకోవాలి. బురద పొలాల్లో, వాగుల్లో హబ్బు (బేరింగులుండే చక్రం నడిమి భాగం) మునిగేలా నడిచే మన ట్రాలీలకు లోపల నీళ్లు చేరడం మామూలే. హబ్బు మూత విప్పితే గ్రీజు తెల్లగా, పాలు కలిపినట్టు కనిపిస్తుంది. దానిమీద కొత్త గ్రీజు పూస్తే ప్రయోజనం ఉండదు. బేరింగులు బయటికి తీసి, డీజిల్‌తో కడిగి, బాగా ఆరనిచ్చి, అరచేతిలో గ్రీజు వేసుకొని రోలర్ల సందుల్లోకి ఒత్తి ఎక్కించాలి. నీళ్లు లోపలికి పోకుండా ఆపే ఆయిల్ సీలు తప్పకుండా కొత్తది వేయాలి. పాత సీలుతోనే బిగిస్తే ఆ శ్రమంతా మొదటి వాగు దాటేసరికి వృథా అవుతుంది. నట్టు మరీ బిగిస్తే బేరింగు కాలిపోతుంది, వదులైతే చక్రం ఆడుతుంది. లోడుతో నాలుగైదు కిలోమీటర్లు పోయాక ఆగి, ప్రతి హబ్బు దగ్గరా చెయ్యి పెట్టి చూడాలి. తాకలేనంత వేడి ఉంటే ఆ బండి ముందుకు కదలకూడదు.

రెండోది ట్రాలీని ట్రాక్టర్‌కు తగిలించే హుక్కు. ట్రాలీ కొక్కెం రంధ్రం ఏళ్ల తరబడి రాపిడికి కోడిగుడ్డు ఆకారంలోకి సాగిపోతుంది, పిన్ను నడుము సన్నబడుతుంది. పిన్ను పోతే దొరికిన ఇనుప కడ్డీ ముక్క దూర్చి, కింద క్లిప్పు బదులు బైండింగ్ వైరు చుట్టిన బండ్లు మన రోడ్ల మీద ఎన్నో తిరుగుతున్నాయి. సరైన పిన్ను, దాని క్లిప్పు, అదనంగా ఒక గొలుసు ఉంటే, పిన్ను ఊడినా ట్రాలీ వెనక వస్తున్నవాళ్ల మీదికి పోదు. ఇంత చిన్న ఖర్చుకు వెనకాడడం నాకు ఎప్పటికీ అర్థం కాదు.

బ్రేకుల మాట వేరే చెప్పాలి. మన ట్రాలీలలో చాలా వాటికి సొంత బ్రేకులు ఉండవు, భారమంతా ట్రాక్టర్ వెనుక చక్రాల మీదే పడుతుంది. పొలంలో మలుపు కోసం విడదీసిన కుడి, ఎడమ బ్రేకు పెడళ్లను రోడ్డెక్కే ముందు కలిపి లాక్ చేయకపోతే, గట్టిగా తొక్కినప్పుడు ట్రాక్టర్ ఒక పక్కకు గుంజుతుంది, వెనుక ఉన్న లోడు దాన్ని తోసేస్తుంది. ఈ సంగతి జీతగాళ్లకు, కొత్తగా స్టీరింగ్ పట్టిన పిల్లలకు ఇంటి పెద్దలే చెప్పాలి. అలాగే ట్రాలీ డబ్బాను లేపి కింద పనిచేసేటప్పుడు బలమైన ఆధారం పెట్టకుండా తల దూర్చకూడదు. హైడ్రాలిక్ పైపు పగిలితే డబ్బా క్షణంలో కిందికి వస్తుంది.

రాత్రిపూట అద్దంకి–నార్కట్‌పల్లి రహదారి మీద ప్రయాణించేవారికి వెనుక లైటు లేని ట్రాలీ ఎంత భయంకరమో వేరే చెప్పనక్కరలేదు. లైటు ఉన్నా ప్లగ్గు తగిలించరు, తగిలించినా బురదో, వేలాడే టార్పాలినో దాన్ని కప్పేస్తుంది. వెనుక ఎర్ర రంగు, పక్కల పసుపు రంగు రిఫ్లెక్టర్ పట్టీలకు కరెంటు అక్కర లేదు, వైరింగు అక్కర లేదు. బురద తుడిస్తే చాలు, వెనుక వచ్చే బండి వెలుతురుకే మెరుస్తాయి.

పైగా మన ట్రాలీలు వడ్లే కాదు, మనుషులనూ మోస్తున్నాయి. 2018 ఏప్రిల్‌లో పి.ఎ.పల్లి మండలం వద్దిపట్ల దగ్గర కూలీల ట్రాక్టర్ ఏఎంఆర్‌పీ (ఎలిమినేటి మాధవరెడ్డి ప్రాజెక్టు) కాల్వలో పడి మహిళా కూలీలు ప్రాణాలు కోల్పోయిన సంగతి ఈ జిల్లా మరచిపోలేదు. ట్రాలీలో కూలీలను ఎక్కించడమే మానుకోవాలన్నది నా గట్టి అభిప్రాయం.

అధికారులకు నా విన్నపం ఒక్కటే. కోతలకు ముందు మండల కేంద్రాల్లో ఒక్కో రోజు ట్రాలీల తనిఖీ శిబిరం పెట్టించండి. జరిమానాలు రాసే శిబిరం అయితే ఒక్క బండీ రాదు. ఐటీఐలలో మెకానిక్ పని నేర్చుకుంటున్న పిల్లలను, ఇద్దరు అనుభవమున్న మేస్త్రీలను కూర్చోబెట్టి బేరింగులు, హుక్కు, లైట్లు చూపిస్తే రైతులే తోలుకొస్తారు. అది వీలు కాకపోతే, మిల్లుల ముందు ట్రాలీలు గంటల కొద్దీ నిలబడే చోటైనా మార్కెట్ కమిటీలు, మిల్లర్లు కలిసి రిఫ్లెక్టర్ పట్టీలు, పిన్నులు, క్లిప్పులు అసలు ధరకు అమ్మే ఏర్పాటు ఈ సీజన్ నుంచే చేయాలని కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక రైతు,
త్రిపురారం మండలం, నల్గొండ జిల్లా.