‘తగినన్ని’ అంటే దేనికి?

సంపాదకుల వారికి నమస్కారం.

తగినన్ని పడకలున్నాయి, తగినంత సిబ్బంది ఉన్నారు, తగిన సౌకర్యాలు కల్పించాం. ఈ మాటలు అధికారులు చెబుతారు, మీ పత్రికలో అలాగే అచ్చవుతాయి. దేనికి తగినన్ని అన్నది మాత్రం వార్తలో ఉండదు. ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పినవాణ్ని, ఆ ఖాళీ దగ్గర నా చూపు ఆగిపోతుంది.

వృత్తాల లెక్కల్లో వాడే పై (π) విలువ 22/7 అని రాయాలా, 3.14 అని రాయాలా అని ఏటా ఎవరో ఒకరు అడిగేవారు. రెండూ కచ్చితమైనవి కావు, రెండూ సరిపోయేవే అనేవాణ్ని. మీటరు వ్యాసమున్న గుండ్రటి బల్లకు అంచు పట్టీ కొలిస్తే 22/7తో వచ్చే తేడా 1.3 మిల్లీమీటర్ల లోపే. బల్ల చేసే మనిషికి అది చాలు. గ్రహాల మధ్య నౌకల్ని నడిపే నాసాకు అది చాలదు, వాళ్లు దశాంశ బిందువు తర్వాత 15 అంకెలు వాడతారు. కంప్యూటర్లు లక్షల కోట్ల అంకెలు లెక్కగట్టాయి, అయినా నాసా పనికి ఆ పదిహేనే సరిపోతాయి.

నేను పనిచేసిన ఒక స్కూల్లో చక్రాల కుర్చీలో వచ్చే అమ్మాయి ఉండేది. తన కోసమే ర్యాంపు కట్టారు. మొదటి రోజే ఇద్దరు పట్టి తోయాల్సి వచ్చింది. టేపు పెట్టి కొలిచాను. ఎత్తు 45 సెంటీమీటర్లు, పొడవు రెండు మీటర్లు. ఒక వంతు ఎత్తుకు పన్నెండు వంతుల పొడవు అన్నది చాలా దేశాలు పెట్టుకున్న కొలత. ఆ లెక్కన 5.4 మీటర్లు కావాలి. వెళ్లి కట్టించినవాళ్లకు చెబితే ‘ర్యాంపు ఉంది కదా మాస్టారూ, చాలదా?’ అన్నారు. ఫారంలో ‘ఉంది’ అని రాసుకోవడానికి చాలింది. ఆ పిల్ల ఎవరినీ పిలవకుండా క్లాసులోకి రావడానికి చాలలేదు. పదో తరగతి అయ్యేదాకా పొద్దున్నే ర్యాంపు కింద, తోసేవాళ్ల కోసం చూస్తూ కూర్చునేది. కట్టించినవాళ్లు సరిపోయిందన్నారు, సరిపెట్టుకున్నది ఆ పిల్ల. అది ఇప్పటికీ నా మనసులోంచి పోలేదు.

పాలరాయి పరచమని నేను అడగలేదు. ఇంకో మూడున్నర మీటర్ల సిమెంటు అడిగాను.

అందుకే మీ విలేకరులకు ఒక మనవి. ‘తగినన్ని ఉన్నాయి’ అని ఎవరైనా అంటే ఎంతమందికి, ఏ పనికి, ఎవరు కొలిచి చూశారు అని అడగండి. వచ్చిన జవాబు వార్తలో రాయండి. జవాబు రాకపోతే, రాలేదన్న సంగతీ రాయండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు