పనిచేయని ఎన్‌జీఎఫ్ సరఫరాపై ఫిర్యాదు

తిరుపతి

వినియోగదారుల సేవా విభాగం మేనేజర్ గారికి,

విషయం: మే నెలలో మీరు పంపిన ఎన్‌జీఎఫ్ సీసా, దానిపై మీ సాంకేతిక విభాగం ఇచ్చిన జవాబు

అయ్యా,

మీ సంస్థ పంపిన ఎన్‌జీఎఫ్, అంటే నాడీకణాలను పెంచే ప్రోటీన్ అయిన నాడీ వృద్ధి కారకం, మా కళాశాల ప్రయోగశాలలో పనిచేయలేదని ఇదివరకే రాశాను. మీ సాంకేతిక విభాగం వారి జవాబు చూశాక నేరుగా మీకే రాయక తప్పడం లేదు.

ముందు సరుకు సంగతి. ఈ ద్రావణాన్ని మైనస్ 20 డిగ్రీల దగ్గర ఉంచాలని సీసా మీద మీరే ముద్రించారు. పెట్టె శనివారం తిరుపతి చేరింది. ఆదివారమంతా కొరియర్ వారి రేకుల గోదాములో పడి ఉండి, సోమవారం మధ్యాహ్నం మాకు అందింది. మే నెలలో ఇక్కడి ఎండ గురించి మీకు వేరే చెప్పాలా? థర్మోకోల్ మూత తీస్తే డ్రై ఐస్ పలుకైనా లేదు. గడ్డకట్టి ఉండవలసిన ద్రావణం సీసాలో నీళ్లలా కదులుతోంది. ఫొటోలు మొదటి లేఖతోనే పంపాను.

దానికి మీవాళ్ల జవాబు: ప్రోటీన్ పరిమాణం సరిగ్గానే ఉంది, మీ కణాలు బతికే ఉన్నాయి కనుక సరుకు పనిచేస్తున్నట్టే!

మేం వాడినవి పీసీ12 కణాలు. ఎలుక అడ్రినల్ గ్రంథి కణితి నుంచి వచ్చినవి, 1976 నుంచి ప్రయోగశాలల్లో ఉన్నవి. సీరం, అంటే కణాలకు పోషణగా వేసే రక్తద్రవం, ఉన్నంతకాలం ఎన్‌జీఎఫ్ లేకున్నా ఇవి నిక్షేపంగా బతుకుతాయి, విభజన చెందుతూనే ఉంటాయి. ఎన్‌జీఎఫ్ అందితేనే విభజన మాని, కొద్ది రోజుల్లో సన్నని పోగులు చాచి నాడీకణాల రూపానికి వస్తాయి. కాబట్టి అవి బతికి ఉండటం మీ సరుకుకు సాక్ష్యం కాదు. మీ కొత్త బ్యాచ్ వేసిన పళ్లెంలో గుండ్రటి కణాలు గుంపులు కట్టాయి తప్ప ఒక్క పోగూ రాలేదు. అదే రోజు, అదే సీరంతో, మీదే పాత బ్యాచ్ మిగులు వేసిన పళ్లెంలో పోగులు ఒకదాన్నొకటి అల్లుకున్నాయి. ఇక తప్పు కణాలదని ఎలా అంటారు?

అంతటితో ఆగలేదు. చిత్తూరు వైపు హేచరీల పుణ్యమా అని మాకు పొదిగే గుడ్లకు కొదవ లేదు. ఎనిమిది రోజుల కోడిపిండం వెన్నుపాము పక్కన ఉండే నాడీసంధులను, అంటే నాడీకణాల ముద్దలను, తీసి కల్చర్‌లో (పోషక ద్రవంలో) పెట్టాం. పాత బ్యాచ్‌తో ఒక్క రోజులోనే, చంద్రుడికి వరదగుడి కట్టినట్టు, ప్రతి నాడీసంధి చుట్టూ పోగులు విచ్చుకున్నాయి. కొత్త బ్యాచ్‌తో అంచులు బోసిగా మిగిలాయి. ఆపై లోపలి కణాలూ చచ్చిపోయాయి.

ఈ పరీక్ష మా సొంత కల్పన కాదు. 1950లలో రీటా లెవీ మోంటాల్చినీ ఇలాంటి వలయాన్ని చూసే ఈ పదార్థం జాడ పట్టారు. స్టాన్లీ కోహెన్ పాము విషం నుంచి, తర్వాత చుంచెలుక లాలాజల గ్రంథుల నుంచి దాన్ని శుద్ధి చేస్తున్నప్పుడూ ఈ వలయమే కొలబద్ద. ఆ కృషికే 1986లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. వాళ్లు వలయంతో కొలిచిన దాన్ని మీరు తూకంతో సరిపెడుతున్నారు. ప్రోటీన్ మడతలు చెదిరితే బరువు తగ్గదు, కణం మీద దాన్ని అందుకునే గ్రాహకానికి అతుక్కునే ఆకారం పోతుంది. అది ఎండకు చెడిందో, మీ గోదాములోనే చెడిందో తేల్చుకోవలసింది మీరు.

బదులుగా బీడీఎన్‌ఎఫ్ అనే మరో నాడీ వృద్ధి ప్రోటీన్ పంపుతామని, రెండూ ఒకే కుటుంబానివేనని కూడా మీవాళ్లు రాశారు. కుటుంబం ఒకటే, పనులు వేరు. ఎన్‌జీఎఫ్ గ్రాహకం టీఆర్‌కే-ఎ, బీడీఎన్‌ఎఫ్‌ది టీఆర్‌కే-బి. పీసీ12 కణాలకు ఆ రెండోది లేదు. మాకది ఎందుకు?

పిండదశలో నాడీకణాలు అవసరానికి మించి పుడతాయి. చాలాచోట్ల సగం దాకా రాలిపోతాయి. నొప్పిని పసిగట్టే నాడుల సంగతే చూడండి: చర్మం కొద్దికొద్దిగా విడుదల చేసే ఎన్‌జీఎఫ్‌ను పోగు కొసన అందుకుని, ఆ సంకేతాన్ని వెనక్కి కణ కేంద్రకం దాకా చేర్చుకోగలిగినవే నిలుస్తాయి. ఎంఎస్సీ విద్యార్థులకు ఇది కళ్లారా చూపాలనే ఏడాది గ్రాంటులో పెద్ద భాగం ఈ సీసాకు పెట్టాం. ప్రాక్టికల్స్ ఆగిపోయాయి. ప్రిన్సిపాల్ గారికి సంజాయిషీ రాసుకుంటున్నది నేను, మీరు కాదు.

పదిహేను రోజుల్లోగా వేరే బ్యాచ్ నుంచి ఎన్‌జీఎఫ్ పంపండి. దానితోపాటు ఆ బ్యాచ్‌కే కణాల మీద చేసిన పనితీరు పరీక్ష ఫలితం ఉండాలి, తూకం చీటీ చాలదు. శుక్ర, శనివారాల్లో మాత్రం పార్సిల్ బయలుదేరనివ్వకండి. అలా పంపలేకపోతే రవాణా ఖర్చుతో సహా డబ్బు వాపసు చేయండి. ఏదీ జరగకపోతే ఈ కాగితాలన్నీ జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళతాయి. చెడిన సీసా మా ఫ్రీజర్‌లోనే ఉంది, మీ మనిషి ఎప్పుడైనా వచ్చి తీసుకెళ్లవచ్చు.

ఇట్లు,
ప్రయోగశాల బాధ్యురాలు,
జంతుశాస్త్ర విభాగం, తిరుపతి