జిల్లా కలెక్టర్ గారికి: సిస్టర్ల డిస్పెన్సరీలో బీపీ మాత్రల గురించి

గౌరవనీయులైన గుంటూరు జిల్లా కలెక్టర్ గారికి,

ఆస్ట్రేలియాలో వైద్యవిద్య పూర్తిచేసి 1920లో గుంటూరు చేరిన డాక్టర్ సిస్టర్ మేరీ గ్లౌరీ, మగ డాక్టరుకు చూపించుకోవడానికి వెనుకాడే స్త్రీలకు వైద్యం చేయడమే కాక, స్థానిక యువతులకు మంత్రసాని పని, కాంపౌండరు పని నేర్పించారు. 1943లో కాథలిక్ ఆసుపత్రుల సంఘాన్ని స్థాపించిందీ ఆవిడే. (ఈ సంగతి గుంటూరు వాళ్లలోనే చాలామందికి తెలియదు.)

అలాగే మా ఊళ్లో సిస్టర్లు (క్రైస్తవ సన్యాసినులు) నడిపే డిస్పెన్సరీలో మిరపకాయ కోతలకు వెళ్లే కూలీలు పొద్దున్నే బీపీ చూపించుకుంటారు. సాయంత్రం అదే వరండాలో వారి పిల్లలు ఎక్కాలు అప్పజెబుతారు. అయితే ఉచిత మాత్రల కోసం కూలి పోగొట్టుకుని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లలేక కొందరు మందులు మధ్యలోనే మానేస్తున్నారు. కనుక ఆ మాత్రలను నెలకోసారి ఏఎన్ఎం ఈ డిస్పెన్సరీలోనే పంచేలా ఆదేశించవలసిందిగా కోరుతున్నాను. మందులు రాసే అధికారం సిస్టర్లు అడగడం లేదు, చోటు ఇస్తామంటున్నారు.

ఇట్లు,
ఒక గ్రామస్థుడు